కాగితం ఎందుకు తెగింది?

ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఈ పుటని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకోండి. బల్ల మీద తెల్లగా, నున్నగా కనిపించిన కాగితం వెలుగులో మబ్బు పట్టిన ఆకాశంలా కనిపిస్తుంది. పీచు ఎక్కువ చేరిన చోట నీడ, తక్కువైన చోట వెలుతురు. కానీ ఎక్కడా చిల్లు ఉండదు, నల్లమచ్చ ఉండదు, అంచున చీలిక ఉండదు. అంటే మీ చేతికి రాకముందే ఎవరో దీన్ని ఇలాగే వెలుగుకి పట్టి చూసి, పనికొస్తుందని పంపించారన్న మాట. ఆ చూసినవాళ్ళు ఎవరు? రెండువందల ఏళ్ళలో ఆ చూపు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ఈ విషయంలో నాకు కొంత స్వార్థం ఉంది. అమెరికాలో నా ఉద్యోగ జీవితమంతా కాగితం యంత్రాలకి కెమెరాలు బిగించడంలోనే గడిచింది. పార్టీల్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, "కాగితాన్ని ఫొటోలు తీస్తుంటాను" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వి మరో ప్లేటు వైపు వెళ్ళిపోయేవారు. ఇన్నాళ్ళకి తీరిగ్గా చెప్పే అవకాశం దొరికింది.

* * *

నేను పుట్టి పెరిగింది కాగజ్‌నగర్‌లో. ఊరి పేరులోనే కాగితం ఉంది. నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు ఏర్పడింది. 1942లో కాగితం తయారీ మొదలైంది. దగ్గర్లో ఆదిలాబాదు అడవుల వెదురు, పక్కన పెద్దవాగు నీళ్ళు. కాగితానికి ముఖ్యంగా కావలసినవి ఈ రెండూ. మిల్లు వచ్చాక ఊరు వచ్చింది.

మా నాయన మిషన్ హౌసులో పనిచేసేవాడు. మా క్వార్టరుకి మిల్లు మోత రాత్రీ పగలూ వినిపించేది. మాకది మోతలా అనిపించేది కాదు, గడియారం టిక్కుటిక్కులా అలవాటైపోయింది. ఒక్కోసారి నడిరాత్రి నాయన గభాలున లేచి కూచుని, "కాయితం తెగినట్టున్నది" అనేవాడు.

"ఎట్ల తెలిసింది నాయనా?"

"మోత మారలే? ఇన్లే నువ్వు?"

"ఎందుకు తెగిందే?"

"అది మిషన్‌కే ఎరుక బిడ్డా. పండుకో."

కాగితం తెగిందని అంత దూరం నుంచి చెప్పగలిగినవాడు, ఎందుకు తెగిందో మాత్రం యంత్రం పక్కన నిలబడినా చెప్పలేకపోయేవాడు. లోపం నాయనలో లేదని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయేవారు.

* * *

కాగితాన్ని చేత్తో చేసే రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. ఒకడు తొట్టిలోని గుజ్జులో జల్లెడ ముంచి ఎత్తుతాడు. ఇంకొకడు ఆ తడి పొరని గుడ్డ మీద బోర్లిస్తాడు. మూడోవాడు నీళ్ళు పిండిన కాగితాల్ని ఒక్కొక్కటిగా విడదీస్తాడు. ప్రతి కాగితం ముగ్గురి కళ్ళ ముందు నించి, మూడు జతల చేతుల్లోంచి పోవలసిందే. చెడిపోతే చేసినవాడికి అప్పుడే తెలుస్తుంది. ఆరాక ఒక వెలుతురు గదిలో ఆడవాళ్ళు ప్రతి కాగితాన్నీ రెండు వైపులా తిప్పి చూసి, నలకల్ని చిన్న కత్తితో గీకి, మంచిదీ చెడ్డదీ వేరుచేసేవారు.

ఫ్రాన్సులో ఎస్సోన్ అనే ఊరి మిల్లులో నికొలాస్ లూయీ రాబేర్ అనే గుమస్తా ఉండేవాడు. పనివాళ్ళ తగాదాలతో విసిగిపోయి, వాళ్ళు లేకుండా కాగితం చేసే మార్గం వెతికాడని చరిత్రకారులు రాస్తారు. తిరిగే జల్లెడ మీద గుజ్జు పోసి, అంతులేని కాగితం తీసే యంత్రానికి 1799 జనవరిలో అతనికి పేటెంటు వచ్చింది. ఆ నమూనా ఇంగ్లండు చేరింది. ఫోర్డ్రినియర్ అన్నదమ్ములు డబ్బు పెట్టారు; బ్రయాన్ డాంకిన్ అనే ఇంజినీరు యంత్రాన్ని పనిచేసే స్థితికి తెచ్చాడు. 1803లో ఫ్రాగ్‌మోర్ మిల్లులో అది నడిచింది. 1810 నాటికి ఆ అన్నదమ్ములు దివాలా తీశారు. కానీ వాళ్ళ పేరు మాత్రం యంత్రానికి ఉండిపోయింది. ఈ రోజుకీ ఏ దేశపు మిల్లులో అడిగినా దాన్ని ఫోర్డ్రినియర్ అనే అంటారు.

ఈ యంత్రంతో కాగితానికీ మనిషి కంటికీ మధ్య మొదటిసారి దూరం వచ్చింది. ఒక చివర పాలలాంటి గుజ్జు, ఇంకో చివర పొడి కాగితం. మధ్యలో ఏం జరుగుతోందో ఒక్కసారిగా చూడగలిగే చోటు లేదు.

ఆ విడ్డూరాన్ని బాగా పట్టుకున్నవాడు ఇంజినీరు కాదు, కథారచయిత. 'మోబీ డిక్' రాసిన హెర్మన్ మెల్విల్ 1851 శీతాకాలంలో మసాచుసెట్స్‌లోని డాల్టన్‌లో ఒక కాగితం మిల్లుకి వెళ్ళాడు. ఆ తరవాత 1855లో అచ్చయిన ఒక కథలో, కాగితం కొనడానికి మిల్లుకి వెళ్ళిన మనిషి పాలిపోయిన ఆడపిల్లల మధ్య యంత్రాన్ని చూస్తాడు. దారి చూపే కుర్రవాడి పేరు ఒక చీటీ మీద రాసి తడి గుజ్జులో పడేస్తాడు. గడియారం పట్టుకుని యంత్రం పొడుగునా నడుస్తాడు. సరిగ్గా తొమ్మిది నిమిషాలకి అవతలి చివర్న, ఆ పేరు మసకగా అంటుకున్న కాగితం బయటికొస్తుంది.

ఈ కథని సాహిత్య విద్యార్థులు వేరే కారణాలకి చదువుతారు. నేను చదివినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక గుర్తుని యంత్రంలోకి పంపి, అది ఏ చోటికి ఏ క్షణానికి చేరుతుందో లెక్కగట్టడం! నూటనలభై ఏళ్ళ తరవాత మేము నాలుగు కెమెరాలతో చేసిన పని సరిగ్గా అదే.

* * *

మెల్విల్ కాలపు యంత్రం పక్కన నడుస్తూ చూడొచ్చు. పెద్ద ఆధునిక యంత్రం నిమిషానికి 1,800 మీటర్లు నడుస్తుంది. అంటే గంటకి 108 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలు వేగంతో, ఎనిమిది తొమ్మిది మీటర్ల వెడల్పున, ఒక తెల్లటి దుప్పటి మీ కళ్ళ ముందు నించి పరుగెడుతోందని ఊహించుకోండి. దానిలో బఠాణీ గింజంత చిల్లు ఎవరికి కనిపిస్తుంది?

అందుకని పరికరాలు వచ్చాయి. మొదట కాగితం కింద దీపం, పైన వెలుతురుకి స్పందించే గొట్టం పెట్టారు. చిల్లు పోతే వెలుతురు మెరుస్తుంది, గంట మోగుతుంది. తరవాత బీటా కిరణాలతో కాగితం బరువు కొలిచే సాధనాలు వచ్చాయి. 1968లో కాలిఫోర్నియాలో పుట్టిన మెజరెక్స్ కంపెనీ ఆ కొలతల్ని కంప్యూటరుకి కలిపి పేరు తెచ్చుకుంది. 1997లో దాన్ని హనీవెల్ కొనేసింది.

ఈ కొలత సాధనం కాగితానికి అడ్డంగా ఈ అంచు నించి ఆ అంచుకి పోయి వస్తూంటుంది. అలా ఒకసారి దాటడానికి అరనిమిషం పట్టిందనుకోండి. ఆ లోపల తొమ్మిదివందల మీటర్ల కాగితం దాని కింద నించి వెళ్ళిపోతుంది. అంటే అది చూసేది కాగితం మీద ఏటవాలుగా గీసిన ఒక సన్నటి గీతని మాత్రమే. గీత వెడల్పు సెంటీమీటరు, కాగితం వెడల్పు ఎనిమిది మీటర్లు అయితే, చూసింది ఎనిమిదివందల్లో ఒక వంతు. మిగతా 799 వంతులూ దైవాధీనం. సగటు బరువు తెలుసుకోవడానికి ఇది చాలు. తెగిన చోటు తెలుసుకోవడానికి చాలదు.

తెగడం ఎందుకంత పెద్ద విషయమో కూడా చెప్పాలి. కాగితం తెగితే యంత్రం ఆగదు. వెనక నించి గుజ్జు వస్తూనే ఉంటుంది. నిమిషానికి వెయ్యి మీటర్లు నడిచే యంత్రంలో నిమిషానికి కిలోమీటరు కాగితం కింది గోతిలో పడి మళ్ళీ గుజ్జవుతుంది. పనివాళ్ళు చిరుగుల్ని లాగి పారేసి, కాగితం అంచు నించి సన్నటి పేలిక కోసి, దాన్ని డ్రయ్యర్ల గుండా చివరిదాకా నడిపించి, మెల్లిగా పూర్తి వెడల్పుకి తెస్తారు. ఆ పేలికని తోక అంటారు. వేడి, ఆవిరి, తిరుగుతున్న ఉక్కు రోలర్లు. చేతులు పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ సమయంలోనే. కాబట్టి ఒక్కసారి తెగకుండా ఆపితే ఆదా అయ్యేది కాగితం ఒక్కటే కాదు.

* * *

ఇక కెమెరా సంగతి. 1969 అక్టోబరులో బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు నల్లబల్ల మీద ఒక బొమ్మ గీశారు. సిలికాన్ ముక్కలో విద్యుదావేశాన్ని చిన్న చిన్న గుంటల్లో నిలిపి, ఒక గుంట నించి పక్క గుంటకి జరుపుకుంటూ పోయే ఉపాయం. దానికి సి.సి.డి. అని పేరు పెట్టారు. వాళ్ళు వెతికింది కన్ను కోసం కాదు; కంప్యూటరుకి జ్ఞాపకశక్తి కోసం. ఆ గుంటల మీద వెలుతురు పడితే పడిన మేరకి ఆవేశం నిండుతుంది కనక అది కన్నుగా కూడా పనికొచ్చింది. 1973లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 500 గుంటలు ఒకే వరసలో ఉన్న ముక్కని అమ్మకానికి పెట్టింది. ఆ ఇద్దరికీ 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒకే వరస గుంటలున్న కెమెరా బొమ్మ తీయదు, గీత తీస్తుంది. కాగితం దాని కింద నించి జరుగుతూంటే గీత మీద గీత పేర్చుకుంటూ పోతుంది, మగ్గం మీద పేకలాగా. ఎనిమిది మీటర్ల వెడల్పుని మిల్లీమీటరుకో చుక్క చొప్పున చూడాలంటే 8,000 చుక్కలు. సెకనుకి 30 మీటర్లు పరుగెత్తే కాగితానికి సెకనుకి 30,000 గీతలు. రెండూ గుణిస్తే సెకనుకి 24 కోట్ల చుక్కలు. వీటిలో ఏది చిల్లు, ఏది మచ్చ, ఏది దోమ అని ఆ క్షణంలోనే తేల్చాలి. కంప్యూటర్లు ఆ వేగాన్ని అందుకోవడానికి ఏళ్ళు పట్టింది. కాగితం మొత్తాన్ని ఇలా వదలకుండా చూసేది తనిఖీ వ్యవస్థ. 1981లో మసాచుసెట్స్‌లో మొదలైన కాగ్నెక్స్ కంపెనీ 1996లో ఐసిస్ కంట్రోల్స్‌ని కొని ఈ రంగంలోకి వచ్చింది. 2015లో ఆ విభాగాన్ని అమెటెక్‌కి అమ్మేసింది.

రెండో రకం నిఘా వ్యవస్థ. దీని ఉద్దేశం వేరు. యంత్రం పొడుగునా, కాగితం తెగే అవకాశమున్న చోట్ల మామూలు వీడియో కెమెరాలు నిలబెడతారు. అవి ఎడతెరిపి లేకుండా చూస్తూ, పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటూ ఉంటాయి. కాగితం తెగిన క్షణాన చెరపడం ఆపేస్తాయి. అప్పుడు తెగకముందు ఏం జరిగిందో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. 1990లలో నేను ఈ పనిలో చేరేనాటికి ఆ రాసుకునేది ఇంట్లో సినిమాలు చూసుకునే వీడియో టేపు మీదే.

పరుగెత్తే వస్తువు బొమ్మ చెదరకుండా రావాలంటే వెలుతురు మెరుపులా వచ్చి పోవాలి. 1930లలో ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ మెరుపు దీపాలతో చూపించిన కిటుకే ఇక్కడా దిక్కు. సెకనులో లక్షో వంతు మెరుపుకి, సెకనుకి 30 మీటర్లు పోయే కాగితం కదిలేది మిల్లీమీటరులో మూడో వంతు కంటే తక్కువ. బొమ్మలో అది నిలబడినట్టే ఉంటుంది.

* * *

విస్కాన్సిన్‌లో ఫాక్స్ నది విన్నిబేగో సరస్సు నించి గ్రీన్ బే చేరేలోపల సుమారు 170 అడుగులు దిగుతుంది. ఆ నీటి బలం మీద పిండిమరలు, వాటి వెనక కాగితం మిల్లులు వెలిశాయి. కింబర్లీ క్లార్క్ 1872లో నీనా ఊళ్ళో పుట్టింది. కాగితం చదువు చెప్పే ప్రత్యేక విద్యాసంస్థ 1929లో ఏపిల్టన్‌లో వెలిసి, 1989లో అట్లాంటాకి తరలిపోయేదాకా అక్కడే ఉంది. వెదురు అడవి లేదన్న మాటే గాని, నాకు అది ఇంకో కాగజ్‌నగర్. గుజ్జు ఉడికే వాసన కూడా అదే. మా ఆవిడ మొదటిరోజు ముక్కు మూసుకుంటే, నేను గట్టిగా పీల్చుకున్నాను.

1995 జనవరిలో ఆ రాష్ట్రంలోనే ఒక మిల్లుకి నాలుగు కెమెరాలు, నాలుగు టేపు రికార్డర్లు పట్టుకుని వెళ్ళాను. మిల్లు పేరు ఇక్కడ అనవసరం. నిమిషానికి వెయ్యి మీటర్లు నడిచే పాత యంత్రం. రాత్రి షిఫ్టులో వారానికి నాలుగైదుసార్లు, మొదటి డ్రయ్యర్ల దగ్గర తెగుతోంది. పగలు తెగడం లేదు. యంత్రం ఒకటే, గుజ్జు ఒకటే, వేగం ఒకటే. మారేది మనుషులే కనక తప్పు మనుషులదే అని ఆఫీసు గదిలో తేల్చేశారు.

అక్కడ పనివాళ్ళకి వరస ఉంటుంది. అందరికంటే పైన మెషీన్ టెండర్, తరవాత బ్యాక్ టెండర్, ఆపైన మూడో చెయ్యి, నాలుగో చెయ్యి, అయిదో చెయ్యి. నిజంగా అలాగే పిలుస్తారు, మనిషి పేరు కాకుండా చేతి అంకెతో. నిందకీ ఇదే వరస, తిరగేసి. రాత్రి షిఫ్టు నాలుగో చెయ్యి గొట్టంతో నేల కడిగేటప్పుడు కాగితం మీద నీళ్ళు చిందిస్తున్నాడని ఫోర్‌మన్ రాశాడు. రెండు హెచ్చరిక లేఖలు ఇచ్చేశారు. మూడోది వస్తే ఇంటికే. అతనికి నలభై దాటాయి, ఇంటి అప్పు ఉంది, ఆ ఊళ్ళో ఇంకో పని లేదు.

నీళ్ళు పడితే తెగుతుందా అంటే, తెగుతుంది. పీచు పీచుని పట్టుకునేది ఆరేటప్పుడే. నీరు పోతున్నకొద్దీ పట్టు బిగుస్తుంది. డ్రయ్యర్లలోకి లాగుతున్నప్పుడు ఒక్కచోట తడి ఎక్కువగా ఉంటే ఆ చోటే బలహీనం, ఆ చోటే తెగుతుంది. కాబట్టి ఫోర్‌మన్ చెప్పింది అసంభవం కాదు. రుజువు లేదు, అంతే.

నేను కెమెరాలు బిగిస్తూంటే నాలుగో చెయ్యి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇది నన్ను చూడ్డానికేనా?" అని అడిగాడు.

"కాదు, కాగితాన్ని చూడ్డానికి," అన్నాను.

అతను నా మాట నమ్మలేదు. మర్నాడు వచ్చేసరికి ఒక కెమెరా అద్దం మీద నల్లటి టేపు అంటించి ఉంది. ఎవరు అంటించారని నేను అడగలేదు. యూనియన్ నాయకుణ్ణి పిలిచి, ఒక్కొక్క కెమెరాలో ఏం కనిపిస్తుందో తెర మీద చూపించాను. నడిచే దారి కనిపించే కెమెరాని ఆయన ఎదుటే పక్కకి తిప్పాను. టేపు దానంతటదే ఊడిపోయింది.

నాలుగో రాత్రి రెండున్నరకి కాగితం తెగింది. టేపులు నాలుగూ తీసి, ఫోర్‌మన్, యూనియన్ నాయకుడు, నేను ఒక చిన్న గదిలో కూచున్నాం. తెగిన చోటుకీ, ప్రెస్సు చివరి కెమెరాకీ దూరం 25 మీటర్లు. సెకనుకి పదహారు, పదిహేడు మీటర్ల వేగంతో అది సెకనున్నర. సెకనుకి 30 బొమ్మల లెక్కన 45 బొమ్మలు వెనక్కి వెళ్ళాలి. మెల్విల్ గడియారం పట్టుకుని ముందుకి నడిచాడు, మేము బొమ్మలు లెక్కబెట్టుకుంటూ వెనక్కి నడిచాం.

నలభై నాలుగో బొమ్మలో కనిపించింది. కాగితం సరిగ్గా నడిమధ్యన అణా బిళ్ళంత నల్లటి చుక్క. గొట్టంతో చిమ్మిన నీళ్ళయితే అంచు వైపు నించి తుంపరలా పడాలి; అంచు నించి మూడు మీటర్ల లోపల ఒక్కటే చుక్క పడదు. దానికి వెనకనున్న కెమెరా టేపు చూస్తే అక్కడ కాగితం శుభ్రంగా ఉంది. అంటే ఆ రెండు కెమెరాల మధ్య, పై నించి ఏదో పడింది.

ముగ్గురం వెళ్ళి పైకి టార్చి వేశాం. యంత్రానికి అడ్డంగా ఉన్న ఇనప దూలం అడుగున వరసగా నీటి బొట్లు, వానాకాలం చూరుకి వేలాడినట్టు. యంత్రం ఆవిరి పైకి పోయి, జనవరి రాత్రి చలికి గడ్డకట్టుకుపోయిన దూలానికి తగిలి నీరవుతోంది. పగలు కొంచెం వెచ్చబడితే తగ్గిపోతోంది. రాత్రి షిఫ్టు చేసిన తప్పల్లా రాత్రి పనిచేయడమే. దూలం కింద ఒక రేకు తొట్టి వేలాడదీశారు. రాత్రిపూట తెగడం ఆగిపోయింది.

హెచ్చరిక లేఖలు రెండూ ఫైల్లోంచి తీసేశారని తరవాత విన్నాను. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నాలుగో చెయ్యి ఆ నలభై నాలుగో బొమ్మని కాగితం మీద అచ్చు వేసి ఇమ్మన్నాడు. ఇచ్చాను. మడిచి అన్నం డబ్బాలో పెట్టుకున్నాడు.

ఆ వారాంతం ఇంటికి ఫోన్ చేసి నాయనకి ఈ కథంతా చెప్పాను. అప్పట్లో ఫోన్ ఖర్చు ఎక్కువ గనక మా ఆవిడ గడియారం చూస్తూ నిలబడింది. అంతా విని నాయన, "అయితే మిషన్ మాట్లాడ్తదన్నట్టు" అన్నాడు.

* * *

ఇక్కడితో ఆపేస్తే ఇది కెమెరాల కంపెనీ ప్రకటన అయిపోతుంది. రెండో పక్క కూడా చెప్పాలి.

కాగితాల్ని చేత్తో తిప్పి చూసే ఆడవాళ్ళ గది గురించి ముందు రాశాను. యంత్రం వచ్చాక కూడా ఆ గది పోలేదు. అమెరికాలోనూ, మన దేశపు మిల్లుల్లోనూ, చుట్టల్ని కోసి కట్టలు కట్టేచోట కాగితాల్ని చేత్తో ఏరి లెక్కపెట్టే పని చాలాకాలం సాగింది. వాళ్ళ వేళ్ళు విసనకర్రలా కాగితాలు విప్పి, చూపు పరుగెత్తించి, చెడ్డదాన్ని లాగి పక్కన పడేసే నేర్పుని ఇప్పుడు ఎవరికి చూపించాలన్నా చూపించలేం. తనిఖీ కెమెరాలు వచ్చాక చుట్టలో ఏ లోపం ఎన్నో మీటరు దగ్గర ఉందో పటంలా గీసి ఇచ్చేస్తాయి. చుట్ట తిరగచుట్టేటప్పుడు యంత్రం సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఏరేవాళ్ళతో పని లేదు. ఒక మిల్లులో నేను తనిఖీ వ్యవస్థ నిలబెడుతున్న వారం, ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసిన ఒకావిడ వచ్చి తెర మీద బొమ్మలు చూసింది. మచ్చ అని యంత్రం పట్టుకున్నదాన్ని చూపించి, "అది మచ్చ కాదు, చెట్టు బెరడు ముక్క, పీచులో కలిసిపోతుంది, వదిలెయ్యొచ్చు" అంది. ఆమె చెప్పినవన్నీ రాసుకుని యంత్రానికి నేర్పాం. యంత్రం నేర్చుకుంది. ఆ ఏడాది చివర ఆమెకి ఉద్యోగం లేదు. ఆ వ్యవస్థ బాగా పనిచేస్తోందని నాకు వచ్చిన ప్రశంసాపత్రంలో ఆమె పేరు లేదు.

టేపులు పోయి హార్డ్ డిస్కులు వచ్చాయి. గొట్టం లైట్లు పోయి ఎల్.ఇ.డి.లు వచ్చాయి. ఒక కెమెరాలో కనిపించిన చుక్కని తరవాతి కెమెరాల్లో ఎక్కడ వెతకాలో యంత్రమే లెక్కకట్టుకోవడం వచ్చింది. 2010ల నించి లోపాల్ని పోల్చుకోవడం కూడా, వేల బొమ్మలు చూసి స్వయంగా నేర్చుకునే ప్రోగ్రాముల చేతికి పోతోంది. ఆ వేల బొమ్మలకి మొదట పేర్లు పెట్టింది మాత్రం మనుషులే. మనకి తెలియని ఎవరో ఒకావిడ, ఎవరో ఒకాయన.

కెమెరా కాగితాన్ని చూస్తే మనిషిని రక్షిస్తుంది, మనిషి వైపు తిప్పితే అదే కెమెరా ఇంకోటవుతుంది. ఎటు తిప్పాలో నిర్ణయించేది కెమెరా కాదని, ఆ రోజు యూనియన్ నాయకుడి ముందు నేను తిప్పిన మర మేకే నాకు నేర్పింది.

* * *

కాగితం ఎందుకు తెగిందో చెప్పడం మేము నేర్చుకున్నాం. ఈలోగా మిల్లులే తెగడం మొదలుపెట్టాయి. కాగితం యంత్రాలు తయారుచేసే బెలాయిట్ కంపెనీ దివాలా తీసి 2000లో ముక్కలుగా అమ్ముడుపోయింది. ఫాక్స్ నది మీద కింబర్లీ ఊరి మిల్లు 2008లో మూతపడింది. విస్కాన్సిన్ రాపిడ్స్ మిల్లు 2020లో ఆగింది. జనం పేపరు చదవడం తెర మీదకి మారింది. నేను అద్దంలోంచి చూసిన కాగితం చివరికి ఆ అద్దానికే ఓడిపోయింది.

2014లో కాగజ్‌నగర్ మిల్లు కూడా ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది ఇంటికి వెళ్ళాను. నాయన నడిరాత్రి మంచం మీద కూచుని ఉన్నాడు. "ఏంది నాయనా?" అంటే, "మోత లేక నిద్ర వస్తలేదు బిడ్డా" అన్నాడు. 2018లో ఆ మిల్లుని జె.కె. పేపర్ తీసుకుంది, మళ్ళీ నడిపించింది. అప్పటికి నాయన లేడు. మోత మళ్ళీ మొదలైందని మా తమ్ముడు ఫోన్ పెట్టి వినిపించాడు.

విస్కాన్సిన్‌లోని ఆ పాత మిల్లుకి మాత్రం అలాంటి అదృష్టం పట్టలేదు. మూసేసే రోజున, కెమెరాలు విప్పి తీసుకెళ్ళడానికి నన్నే పిలిచారు. నాలుగో చెయ్యి అప్పటికి మెషీన్ టెండరై ఉన్నాడు. చివరి చుట్ట పూర్తయ్యాక అతనే గుజ్జు ఆపాడు. కాగితం పలచబడి, తెగి, గోతిలోకి జారిపోయింది. కెమెరాలకి ఆ సంగతి తెలియదు కదా. మామూలుగానే చెరపడం ఆపేసి, తెర మీద ప్రశ్న వేశాయి: తెగడానికి కారణం? కింద జాబితా. జిగురు ముద్ద, నీటి బొట్టు, అంచు చీలిక, ముడత, ఇతరం. జవాబు ఇవ్వకపోతే ఆ ప్రశ్న పోదు, ఆ జాబితా తయారుచేసింది నేనే.

అతను జాబితా పైనించి కిందిదాకా నిదానంగా చదివాడు. నా వైపు చూశాడు. తరవాత 'ఇతరం' మీద నొక్కి, చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు.